సిస్టరమ్మ సవరణ

పార్టీ మారితే ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లేవాళ్లుంటారు. పార్టీ మానేసి, ఇంకెక్కడా చేరకుండా ఊరుకుంటే మాత్రం ఏ గుమ్మంలోనూ మనిషి కనిపించడు. ఈ సంగతి సిస్టరమ్మకు మంగళవారం మధ్యాహ్నం పార్లమెంటు క్యాంటీన్‌లో, చేతిలో ట్రేతో నిలబడి ఉండగా తెలిసివచ్చింది.

కిటికీ పక్కనున్న పెద్ద బల్ల ఆమె పార్టీ వాళ్లది. నిన్నటిదాకా ఆమెది కూడా. అలవాటు కొద్దీ కాళ్లు అటే నడిచాయి. ఆమె దగ్గరకు వస్తుండగానే ఒకాయన పక్క కుర్చీలో తన ఫైలు పెట్టాడు. ఇంకొకాయన మోగని ఫోను చెవికి ఆనించుకుని, అటువైపు ఎవరో ఉన్నట్టే "చెప్పండి, చెప్పండి" అంటూ గోడవైపు తిరిగాడు. మొన్నమొన్నటిదాకా బీపీ చూడమని ఆమె వెంటపడి తిరిగిన లావుపాటి సభ్యురాలు ఒక్కతే మొహమాటానికి తలెత్తి, "ఇక్కడ ఇరుకండీ" అంది. అక్క, వదిన అన్న పిలుపులన్నీ ఒక్క పూటలో "అండీ" అయిపోయాయి. సిస్టరమ్మ చేతులు కడుక్కునే చోటికి పక్కగా నిలబడి తింది. పాతికేళ్లు ఆస్పత్రిలో అలా నిలబడి, నడుస్తూ, ఒక్కోసారి పరుగెత్తుతూ తిన్న మనిషికి అదేమంత కష్టం కాదు. కష్టం తినడంలో లేదు, ఎవరూ చూడకపోవడంలో ఉంది.

పెద్దాస్పత్రిలో హెడ్ నర్సుగా చేసి రాజకీయాల్లోకి వచ్చింది కాబట్టి ఓటు వేసినవాళ్లూ, వేయనివాళ్లూ కూడా ఆమెను సిస్టరమ్మ అనే పిలుస్తారు. స్పీకర్ గారు సైతం ఒకసారి నోరు జారి సభలో అలాగే పిలిచి, తర్వాత ఆ మాటను రికార్డుల్లోంచి తీయించారు.

తిండి అయ్యాక సభ ఉద్యోగి ఒకాయన వచ్చి ఆమెకు కొత్త సీటు చూపించాడు. పార్టీ ఉన్నవాళ్లకు పార్టీ వాటాలో సీట్లుంటాయి. ఏ పార్టీ లేనివాళ్లకు చిట్టచివరి వరుస, పెద్ద స్తంభం వెనక. పార్టీ వదిలినందుకు ఆమె సభ్యత్వం ఉంటుందో పోతుందో స్పీకర్ గారు తేల్చేదాకా ఆమె చోటూ అక్కడే. "ఇక్కడ మెట్టుందమ్మా, చూసుకోండి" అన్నాడాయన. పొద్దుటినుంచి ఆమెతో మెత్తగా మాట్లాడిన మొదటి మనిషి ఆయనే.

పక్క సీటులో ముసలాయన ఒకరు కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. ఏ పార్టీలోనూ చేరకుండా ఇన్నేళ్లుగా గెలుస్తూ వస్తున్న ఆయన్ని సభలో అందరూ చాటుగా సొంటికొమ్ము అంటారు. ఒంటికాయ సొంటికొమ్ము అని పూర్తిగా అనడానికి బద్ధకించి కుదించిన పేరది. ఆయనకూ ఆ సంగతి తెలుసు.

"రండి రండి. ఈ స్తంభం నాకు దగ్గరి చుట్టం. ఇవాళ్టినుంచి మీకూ చుట్టమే" అన్నారాయన. "ఇక్కణ్ణుంచి మనకు స్పీకర్ గారి ముఖం సగం కనిపిస్తుంది. ఆయనకు మనం ఆ సగం కూడా కనిపించం. మాట్లాడాలంటే చెయ్యి స్తంభం బయటికి పెట్టి ఊపుతూ ఉండాలి. భుజం నొప్పి పుడుతుంది. మీరు నర్సు కాబట్టి మందు మీకే తెలియాలి."

సిస్టరమ్మ నవ్వింది. పార్టీకి రాజీనామా ఇచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

"ఇంతకీ ఎందుకు వదిలేశారు? మంత్రి పదవి ఇవ్వలేదా?"

"నేనడగలేదండీ."

"మరి?"

"ఫ్యాక్టరీల భద్రత బిల్లు గురువారం ఓటింగుకు వస్తోంది కదా. అందులో ఒక్క వాక్యం పెట్టమన్నాను. పని జరుగుతున్నంతసేపూ, ఏ పనిచోటైనా సరే, బయటి తలుపుకు తాళం వేయకూడదు. అంతే. పెద్ద ఫ్యాక్టరీలకు పెడతాం, చిన్న షెడ్లకు పెట్టం అన్నారు. చిన్న షెడ్ల యజమానులందరూ పార్టీ మనుషులు. ఎన్నికలప్పుడు జెండా కట్టేది వాళ్ల గేట్లకే. అందుకే బయటికొచ్చి, ఆ వాక్యాన్ని నా పేరు మీదే సవరణగా ఇచ్చాను."

సొంటికొమ్ము గారు కళ్లద్దాలు పెట్టుకున్నారు. "ఆ చొక్కాల షెడ్డు మీ ఊళ్లోదే కదూ."

"మా ఊళ్లోదే. చొక్కాలకు గుండీలు కుట్టే ఆడపిల్లలు. దారపు కండెలు బయటికి పోతున్నాయని ఆ యజమాని బయట తాళం వేసి భోజనానికి వెళ్లాడు. లోపల మంట లేచింది. ఆ సాయంత్రం మార్చురీలో మనుషులు చాలక నేనే గ్లవ్స్ తొడుక్కుని వాళ్ల ఒళ్లు కడిగాను." ఆమె తన చేతులవైపు చూసుకుంది. "ఒంటిమీద కాలిన మచ్చ లేదండీ. పొగకు పోయారు. దెబ్బలన్నీ పిడికిళ్ల మీదే ఉన్నాయి. తలుపు కొట్టారు."

ఆయన పెట్టుకున్న కళ్లద్దాలు మళ్లీ తీసి చేతిలో పట్టుకున్నారు. తర్వాత, మాట మార్చడానికి కాదు గానీ చెప్పక తప్పదన్నట్టు, "మీ సవరణ ఓడిపోతుందమ్మా. రూలు తెలుసు కదా. ఒకసారి సభ కాదన్న మాటను అదే బిల్లులో మళ్లీ ఎవరూ తేకూడదు. దాని పని అయిపోయినట్టే" అన్నారు.

"తెలుసండీ. ఓడిపోయినా సరే, ఒక్కసారి ఈ గోడల మధ్య వినపడాలి. ఒకావిడకు మాటిచ్చాను."

"సరే అయితే. అనుకూలురు అవును అనండి అని స్పీకర్ గారు అన్నప్పుడు మీతోబాటు నేనూ అరుస్తాను. రెండు గొంతులైతే కనీసం దగ్గు కాదని తెలుస్తుంది."

*

పార్టీ ఇచ్చిన కారు డ్రైవరు, పార్టీ పంపిన టైపిస్టు, పార్టీ పెట్టిన వంటమనిషి ముగ్గురూ ఒకే పొద్దున వెళ్లిపోయారు. క్వార్టర్స్‌లో నాలుగు గదులు, ఒక మనిషి. మునుపు ఆ హాల్లో సాయంత్రమయ్యేసరికి చెప్పులు పెట్టే చోటుండేది కాదు. బదిలీ కావాలనేవాళ్లు, కాలేజీ సీటు కావాలనేవాళ్లు, ఊరికే టీ తాగి పోయేవాళ్లు. వాళ్లు ఎప్పుడు పోతారా అని ఆమె ఎన్నిసార్లు విసుక్కుందో. ఇప్పుడు కుర్చీలన్నీ గోడవారగా సర్దిపెట్టి ఉన్నాయి. సర్దడానికి వేరే పనేమీ లేక ఆమే సర్దింది.

బుధవారం సాయంత్రం మొగుడు ఫోను చేశాడు. ఊళ్లో రక్తపరీక్షల ల్యాబు నడుపుతాడాయన. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు, మధ్యలో ఒక తలుపు. ఆ అన్నగారే ఊళ్లో పార్టీ అధ్యక్షుడు. సిస్టరమ్మకు మొదటిసారి టికెట్ ఇప్పించింది కూడా ఆయనే.

"బావగారు ఏమంటున్నారు?" అని అడిగింది.

"అనడానికి మాట్లాడితే కదా. పొద్దున వరండాలో ఎదురుపడితే పేపరు అడ్డం పెట్టుకున్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడనుకో, అది వేరే సంగతి."

"మరి అక్క?"

"వదిన మధ్య తలుపుకి గడియ పెట్టేసింది. అటునుంచి కూర గిన్నె రావడం లేదు, ఇటునుంచి నేను పంపిందీ తీసుకోలేదు. ల్యాబుకు రోజూ వచ్చే షెడ్లవాళ్లు కూడా ఇవాళ ఎదురుగా ఉన్న ల్యాబుకు పోయారు."

"నీకు నామీద కోపంగా ఉందా?"

అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. "కోపం కాదు. నాతో ఒక్క మాట చెప్పి చేసుంటే బాగుండేదనిపించింది. చెప్తే నేను వద్దనేవాణ్నే, అది నిజమే. తిన్నావా?"

"తిన్నాను" అంది సిస్టరమ్మ. పొయ్యి మీద గిన్నె కూడా పెట్టలేదు.

ఫోను పెట్టేసి కిచెన్‌లో నిలబడి, మర్నాడు చెప్పాల్సిన మాటలు పైకి అనుకుని చూసుకుంది. పార్టీ లేనివాళ్లకు రెండు నిమిషాలే ఇస్తారు. పిడికిళ్ల సంగతి దగ్గరకు వచ్చేసరికి ప్రతిసారీ గొంతు పట్టేసింది. వార్డులో ఏ చావు దగ్గరా పట్టని గొంతు అది. నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టింది. ఎవరైనా ఒకరు ఎదురుగా కూర్చుని వింటే బాగుండుననిపించింది. బదిలీ అడగడానికి వచ్చిన మనిషైనా సరే.

*

గురువారం పొద్దున సందర్శకుల గేటు దగ్గర, సిస్టరమ్మ మాటిచ్చిన ఆ తల్లి నిలబడి ఉంది. పెద్దాస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే మనిషి. సిస్టరమ్మ వార్డు నుంచి మూటలు దింపుకుని పోయేటప్పుడు కూతురు వెంటే వచ్చేది. తల్లి వీపు మీద మూట ఉంటే దాని కొస పట్టుకుని తనూ మోస్తున్నాననుకునేది. పెద్దయి ఆ చొక్కాల షెడ్డులో పనికి చేరింది. మంట లేచిన రోజు లోపలే ఉండిపోయింది.

రైల్లో రాత్రంతా కూర్చునే వచ్చినట్టుంది, ముఖం వాడిపోయింది. చేతుల మీద చర్మం బట్టల సోడా నీళ్లకు ముడతలు పడి తెల్లగా ఉంది. సిస్టరమ్మ పాసు ఆమె చేతిలో పెట్టింది.

"నేనేం చెయ్యాలమ్మా అక్కడ?"

"ఏం చెయ్యక్కర్లేదు. పైన గ్యాలరీలో కూర్చో. చప్పట్లు కొట్టకూడదు, లేచి నిలబడకూడదు, ఏడవకూడదు."

"ఏడిస్తే?"

"బయటికి పంపేస్తారు."

ఆ తల్లి కాస్త ఆలోచించింది. "సరే, ఆపుకుంటాను. మీరు ఎప్పుడు లేస్తారో నాకెట్లా తెలుస్తుంది?"

"నాలుగో సవరణ అని పిలుస్తారు. అప్పుడు కింద చివరి వరుసలోకి చూడు. స్తంభం పక్కన ఉంటాను."

"మా పిల్ల సంగతి చెప్తారు కదా."

"చెప్తాను."

ఆమెను గ్యాలరీ మెట్లెక్కించి సిస్టరమ్మ పొడుగాటి వరండాలో సభవైపు నడిచింది. వెనకనుంచి అడుగుల చప్పుడు వచ్చి పక్కన కలిసింది. పార్టీ విప్. పార్టీ వాళ్లు ఎవరు ఎటు ఓటు వేయాలో చెప్పి, అలా వేయించే బాధ్యత ఆయనది. పార్టీలో ఉన్నన్నాళ్లూ ఆమె పక్క సీటు ఆయనదే. చెల్లెమ్మా అని తప్ప పిలవని మనిషి, రాజీనామా తర్వాత పలకరించనేలేదు.

"ఆగకు. నడుస్తూ విను, నావైపు చూడకు" అన్నాడు. "నీ రాజీనామా పేపర్లకెక్కాక పైవాళ్లకు సెగ తగిలింది. తాళాలు వేయించే పార్టీ అని పేరొస్తుందని భయం పట్టుకుంది. నీ వాక్యం పెడతారు. అక్షరం తేడా లేకుండా మంత్రి గారే పెడతారు, ప్రభుత్వ సవరణగా. కాని అది నీ నోట రాకూడదు."

సిస్టరమ్మ నడక ఆగబోయింది. ఆయన మోచేత్తో తట్టాడు.

"నీది నాలుగోది, మంత్రి గారిది చిట్టచివర. నువ్వు ముందు ప్రవేశపెట్టావనుకో, పార్టీ వదిలిన మనిషి సవరణకు మేం చెయ్యెత్తలేం. ఓడించక తప్పదు. ఓడిందంటే రూలు ప్రకారం మంత్రి గారు మళ్లీ తేలేరు. అందుకని నిన్ను పిలిచినప్పుడు, ప్రతిపాదించడం లేదు అని కూర్చో. ఆ తర్వాత సంగతి మేం చూసుకుంటాం."

"మీరు చూసుకోకపోతే అన్నయ్యా?"

విప్ అడుగుల వేగం పెంచాడు. "నేను రాసివ్వలేను. నాకు చెప్పిన మాట నీకు చెప్తున్నా. షెడ్లవాళ్లకు ముందే తెలిస్తే మంత్రి గారి ఇంటిమీద పడతారు. నీ పక్కనుండే పెద్దాయనకు కూడా చెప్పకు. ఇవాళైన తర్వాత కూడా చెప్పకు, ఇంకా పై సభ దాటాలి. ఈ బేరం సంగతి బయటపడిందంటే అక్కడ తీసి పారేస్తారు."

"గ్యాలరీలో ఆ పిల్ల తల్లి ఉంది."

"చూశాను" అన్నాడాయన. సభ తలుపు దగ్గర ఆమెను ముందు వెళ్లనిచ్చి, తను వేరే తలుపులోంచి వెళ్లాడు.

సిస్టరమ్మ తన సీటులో కూర్చుంది. ఇన్నేళ్లలో ఈ పార్టీ ఇచ్చి తప్పిన మాటలు ఆమెకు కొత్త కాదు. కొన్నిటిని ఆమే ఊళ్లో జనానికి మోసుకెళ్లి చెప్పింది కూడా. తను నోరు మూసుకున్నాక మంత్రి గారు కూడా నోరు మూసుకుంటే, అడిగేవాడు ఉండడు. అప్పుడు పిల్లల పిడికిళ్ల సంగతి సభలో వినపడకుండానే పోతుంది. పోనీ లేచి చెప్పేస్తే తన మాట దక్కుతుంది, తల్లి వింటుంది, ఊళ్లో నలుగురూ మెచ్చుకుంటారు. రేపటినుంచి ఆ షెడ్ల తలుపులకు తాళాలు మామూలుగా పడతాయి.

"గొంతు సవరించుకున్నారా? నేను రెండు గ్లాసులు వేడినీళ్లు తాగొచ్చాను" అన్నారు సొంటికొమ్ము గారు. ఆమె తల ఊపింది. ఆయన ముఖం చూడలేకపోయింది.

మొదటి సవరణ వచ్చింది, పోయింది. రెండోది, మూడోది కూడా. ఎవరో ఆవులించారు. స్పీకర్ గారు కాగితం తిప్పి, "నాలుగో సవరణ. గౌరవ స్వతంత్ర సభ్యురాలు ప్రతిపాదిస్తున్నారా?" అన్నారు.

సిస్టరమ్మ లేచి నిలబడింది. తలెత్తకపోయినా, పైన గ్యాలరీ మొదటి వరుసలో కటకటాల మీదికి వంగిన మనిషి ఎవరో ఆమెకు తెలుసు. మైకు దీపం వెలిగింది.

"ప్రతిపాదించడం లేదండీ" అంది.

గొంతు పట్టేయలేదు. అదే ఆమెకు ఆశ్చర్యం. కూర్చుంది.

ముందు వరుసల్లోంచి ఒకరిద్దరు వెనక్కు తిరిగి చూసి నవ్వుకున్నారు. క్యాంటీన్‌లో పాత బల్ల దగ్గర ఆమెకు మళ్లీ కుర్చీ ఖాళీ చేయాల్సి వస్తుందని వాళ్ల లెక్క. సొంటికొమ్ము గారు ఆమెవైపు పూర్తిగా తిరిగారు. ఆయన ముఖంలో కోపం లేదు, ఉంటే బాగుండేది. "ఎంతకు ఒప్పుకున్నారని అడగను లెండి. మీ ఇష్టం" అని నెమ్మదిగా అని, కళ్లద్దాల డబ్బా జేబులో వేసుకుని, ఆ మెట్టు జాగ్రత్తగా దిగి బయటికి వెళ్లిపోయారు.

స్తంభం పక్కన ఇప్పుడు ఆమె ఒక్కతే ఉంది. సవరణలు ఒకదాని తర్వాత ఒకటి నడుస్తున్నాయి. మంత్రి గారు వెనకాయనతో ఏదో మాట్లాడి నవ్వుతున్నారు. విప్ ఒక్కసారి కూడా వెనక్కు తిరగలేదు. ఆస్పత్రిలో ఇంజక్షను ఇచ్చి అది ఒంటికి పడుతుందో లేదోనని మంచం పక్కన నిలబడిన రోజులున్నాయి. అప్పుడు కనీసం పట్టుకోవడానికి రోగి చెయ్యి ఉండేది. ఇక్కడ బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. జాబితాలో ఉన్న చివరి సవరణ కూడా అయిపోయింది. ఇక బిల్లు మొత్తాన్ని ఓటింగుకు పెట్టడమే మిగిలింది. స్పీకర్ గారు కాగితాలు దగ్గరకు సర్దుకున్నారు. మోసపోయానని సిస్టరమ్మకు తెలిసిపోయింది.

అప్పుడు మంత్రి గారు లేచి, "ప్రభుత్వం తరఫున ఒక సవరణ అధ్యక్షా" అన్నారు.

డాక్టరు నోటితో చెప్పే మందుల పేర్లు వినేటప్పుడు ఒక్క మాట జారిపోకుండా వినడం ఆమెకు వృత్తిలో పట్టుబడిన విద్య. అలాగే విన్నది. పని జరుగుతున్నంతసేపూ అన్నారు. ఏ పనిచోటైనా సరే అన్నారు. బయటి తలుపుకు అన్నారు. ఏదీ పోలేదు. ఈ ఆలోచన తమ నాయకుడిదని, కార్మికుల కన్నీళ్లు తుడవడంలో తమ పార్టీ తర్వాతే ఎవరైనా అని కూడా అన్నారు. అనుకూలురు అవును అనండి అని స్పీకర్ గారు అనగానే సభ సగానికి పైగా ఒక్క గొంతుతో "అవును" అంది, బల్లలు చరిచింది. సిస్టరమ్మ కూడా "అవును" అంది. అది పక్క సీటు దాకా వెళ్లింది, అక్కడ ఎవరూ లేరు.

*

సందర్శకుల గేటు దగ్గర ఆమె చాలాసేపు వేచి చూసింది. లోపల పార్టీ ఆడవాళ్లు ఆ తల్లిని మంత్రి గారి దగ్గరకు తీసుకెళ్లి, పక్కన నిలబెట్టి ఫోటో తీయించారని గేటు కాపలావాడు చెప్పాడు. చివరికి ఆమె ఒక్కతే మెట్లు దిగి వచ్చింది. సిస్టరమ్మను చూసి, రావాలా వద్దా అన్నట్టు ఆగి, తర్వాత వచ్చింది.

"తాళం వెయ్యకూడదని చట్టం చేశారంట కదమ్మా."

"అవును. ఇంకో సభ ఉంది. అక్కడా అయిపోతుంది."

"ఆయన పెద్ద మనిషి. నా రెండు చేతులూ పట్టుకున్నాడు" అంది ఆ తల్లి. ఇద్దరూ బస్టాపువైపు నడిచారు. కొంత దూరం పోయాక ఆమె తలొంచుకునే అడిగింది, "మీరు చెప్తారనుకున్నానమ్మా. లేచారు కూడా. లేచి కూర్చున్నారు."

సిస్టరమ్మకు చెప్పేయాలనిపించింది. ఎంత అనిపించిందంటే నోరు తెరిచింది కూడా. లాండ్రీలో చెప్పిన మాట సాయంత్రానికి ఊరంతా పాకుతుంది, షెడ్లవాళ్ల దాకా పోతుంది, పై సభ ఇంకా కూర్చోలేదు. నోరు మూసుకుంది.

"భయపడ్డారా?" అని అడిగింది ఆ తల్లి, పసిపిల్లను అడిగినట్టు.

"భయపడ్డాను" అంది సిస్టరమ్మ.

ఆ తల్లి తల పంకించింది. కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించి, రాక వదిలేసినట్టుంది. "పోనీలెండి. అంతమంది మొగాళ్లు అటు కూర్చుని, మీరొక్కరే ఇటు. పైనుంచి చూస్తుంటే నాకే భయమేసింది. లాండ్రీలో సూపర్వైజరు ముందు నేను మాత్రం నోరెత్తుతానా ఏంటి."

బస్సు వస్తూ కనిపించింది. ఆమె గబగబా దగ్గరకు జరిగి, ఎవరూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించింది.

"ఊళ్లో అందరూ అడుగుతారు. మీరు మాట్లాడారనే చెప్తాను లెండి. మా పిల్ల సంగతి సిస్టరమ్మ చెప్పింది, నేను విన్నాను అంటాను. మీరూ అదే అనండి. మన ఇద్దరికి తప్ప ఎవరికి తెలుస్తుంది?"

సిస్టరమ్మ సరేనంది. ఆ తల్లి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని, ఇంక దిగులు పడొద్దన్నట్టు చెయ్యి ఊపింది.